ఎడమచేతి జేబు

3, మంగళవారం

ఈ పుస్తకం ముందు పేజీల్లో ఊళ్లోవాళ్ల నడుములూ భుజాలూ ఉన్నాయి. వెనక పేజీలు నావి. పాత కొలతలు చూద్దామని ఎవరైనా తిరగేస్తే నా పరువు కాస్తా పోతుంది. అందుకని మధ్యలో రెండు పేజీలకి జిగురు రాసి అంటించేశాను. ఇలాంటి వేషాలు పదిహేనేళ్లప్పుడు వేస్తే అందం. నాకు నలభై తొమ్మిది.

మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పదకొండు రోజులైంది. పక్కవీధి నుంచి తీగ లాగి ఇచ్చారు గానీ, కరెంటు వచ్చినా వచ్చినట్టుండదు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. నా కుట్టుమిషన్ మోటారు మూలుగుతుంది. సరే, నేను కాలితో తొక్కి కుట్టుకోగలను. అత్తయ్య ఏం తొక్కుతుంది? ఆవిడకి ఉబ్బసం. మందుని పొగలా చేసి ముక్కులోకి పంపే మిషన్ ఒకటుంది, రోజుకి రెండుసార్లు పెట్టుకోవాలి. దాన్ని ఆవిడ ఊపిరి మిషన్ అంటుంది. పోయిన వారం సగంలో కరెంటు పోయింది. నేను పేపరు పెట్టి విసురుతూ కూర్చున్నాను.

"విసరకే, బయట గాలి బోలెడుంది, లోపలికే పోవడం లేదు" అంది. ఆ స్థితిలో కూడా నన్ను వెక్కిరించడం మానలేదు.

అందుకని లైబ్రరీ మేడ మీద క్లాసులో చేరాను. "ఇంటి కరెంటు: మొదటి పాఠాలు. స్త్రీలకు ఉచితం." పన్నెండు క్లాసులు. మంగళ, గురు, శనివారాలు, పొద్దున పదింటికి. అత్తయ్యని ఇంట్లో ఒంటరిగా వదలలేను కాబట్టి మెల్లిగా మెట్లెక్కించి తీసుకెళ్లాను. వెనక కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, గడ్డం గుండెకానించి హాయిగా నిద్రపోయింది.

ఇదంతా అత్తయ్య మిషన్ కోసమే.

5, గురువారం

చెప్పేది విద్యుత్ శాఖలో పనిచేసే ఆయన. యాభై దాటి ఉంటాయి. ఎడమ చెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే ఉంటుంది. మొదటి రోజు, ఆ చేతికేదో అయింది పాపం అనుకున్నాను. ఇవాళ కారణం చెప్పారు. కరెంటున్న చోట కుడిచేత్తోనే పని చెయ్యాలట. రెండు చేతులూ రెండు చోట్ల తగిలితే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, మధ్యలో గుండె మీదుగా పోతుందట. అందుకని ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోవాలి. అదే ఆయన మొదటి సూత్రం.

నా పక్కన కూర్చునే బేకరీ ఆవిడ లేచింది. "మాస్టారూ, మాకు జేబులేవండీ?"

ఆయన మా పదకొండు మందినీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. నిజమే, ఒక్కరికీ జేబు లేదు.

"ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను, ఈ మాట ఎవరూ అడగలేదండీ" అన్నారు. ఎవరడుగుతారు, ఇన్నాళ్లూ నేర్చుకున్నవాళ్లంతా మగవాళ్లే.

నేను కుడతానన్నాను. నోరు ఊరుకోదు కదా. శనివారానికల్లా పదకొండు ఏప్రన్లు, ఎడమవైపు జేబుతో.

6, శుక్రవారం

పదకొండు జేబులు. నడుం విరిగింది. అయినా పాట పాడుకుంటూ కుట్టాను. అత్తయ్య రెండుసార్లు తల పక్కకి తిప్పి చూసింది, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు భయం.

7, శనివారం

ఏప్రన్లు పంచాను. మాస్టారు ఒకటి తీసుకుని వెలుతురులో పెట్టి చూశారు. "జేబు మూల దగ్గర రెండుసార్లు కుట్టారే" అన్నారు.

జేబు చిరిగేది అక్కడే కాబట్టి అక్కడ రెండుసార్లు కుట్టాలి. పాతికేళ్లుగా కుడుతున్నాను. ఇప్పటిదాకా ఒక్క మనిషి ఆ రెండో కుట్టు చూడలేదు. చూడకూడదు కూడా, కనపడకుండా కుట్టడమే పనితనం. మరి ఈయనకెలా కనపడింది? మా ఆయన దేవుడిలాంటి మనిషి, పోయి ఏడేళ్లయినా ఆయన మీద చిన్న మాట అననివ్వను. కానీ నా కుట్టు మీద ఏనాడూ వేలు పెట్టి చూడలేదు.

ఇది రాయాల్సినంత విషయం కాదు. అరపేజీ ఎందుకు రాశానో.

ఒక ఏప్రన్ ఎక్కువ కుట్టాల్సి వచ్చింది. "నేను మనిషిని కాదా, నాకేదీ జేబు?" అని అడిగింది అత్తయ్య. ఆవిడ నిద్రపోవడం లేదని అప్పుడు తెలిసింది.

9, సోమవారం

ఇవాళ క్లాసు లేదు. రోజు చాలా పొడుగ్గా ఉంది.

10, మంగళవారం

వోల్టేజి అంటే ఏమిటో ఇవాళ తెలిసింది. అది ఒక్క చోట ఉండదట. రెండు చోట్ల మధ్య ఉంటుందట. మీటరుకి ఎర్ర తీగా, నల్ల తీగా రెండూ అందుకే. ఎర్రది ఒక్కటే పెట్టి ఎంతసేపు నించున్నా ఏమీ చూపించదు. తీగ మీద వాలిన కాకికి ఏమీ కాకపోవడం కూడా అందుకే, దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉన్నాయి కదా.

"ఇక్కడ వోల్టేజి ఎంత అని ఎవరైనా అడిగితే, దేనికీ దేనికీ మధ్య అని మీరు తిరిగి అడగాలి" అన్నారు మాస్టారు.

వెనక కుర్చీలోంచి అత్తయ్య, "మేడ మీద ట్యాంకు ఎంత ఎత్తున ఉందీ అంటే, ఏ కుళాయి నుంచీ అని అడిగినట్టు" అంది. కళ్లు మూసుకునే అంది. మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. "అమ్మా, నేను అరగంట చెప్పేది మీరు ఒక్క ముక్కలో చెప్పేశారు" అన్నారు. ఆవిడ ఇంటికొచ్చేదాకా ఆ గర్వం దించుకోలేదు.

మెట్లు దిగుతూ నాతో, "మీ ఇద్దరి మధ్య రెండు వందల ముప్పై వోల్టులు ఉంటుందే" అంది.

"అత్తయ్యా."

"నాకు మీటరు కూడా అక్కర్లేదు" అంది.

డెబ్భై ఎనిమిదేళ్ల మనిషిని ఏమంటాం.

11, బుధవారం

ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని కూర కలిపాను. కత్తెర పట్టుకున్నప్పుడు కూడా చెయ్యి అటే పోతోంది, గుడ్డ పట్టుకునేదెవరు? బేకరీ ఆవిడ ఫోను చేసి ఒకటే నవ్వు. ఒంటిచేత్తో రొట్టెల పళ్లెం మోస్తుంటే వాళ్లాయన కంగారుపడి, చెయ్యి బెణికిందా అని కాపడం పెట్టబోయాడట.

12, గురువారం

కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది అనే పాఠం. మాస్టారు తొమ్మిది నిమ్మకాయలు తెచ్చారు. ఒక్కోదానికి ఒక మేకూ ఒక రాగి ముక్కా గుచ్చి వరసగా తీగలు కలిపి చిన్న లైటు వెలిగించారు. పెద్దవాళ్లం పన్నెండు మందిమి చప్పట్లు కొట్టాం. టార్చిలో బ్యాటరీ అయినా, సైకిలు డైనమో అయినా, మేడ మీద సోలార్ పలకలైనా, అన్నీ చేసేది ఒకటే, నెట్టడం. కరెంటు దానంతటది కదలదట, వెనక నుంచి నెట్టేదొకటి ఉండాలి.

తర్వాత డ్యాము గురించి చెప్పారు. నీళ్లు ఎత్తు నుంచి పడి చక్రాన్ని తిప్పే పవర్‌హౌసులో ఆయన మొదటి ఉద్యోగం. ఆ చప్పుడు కాళ్లలోంచి లోపలికొస్తుందట. చెబుతున్నప్పుడు ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. ఒకటో తారీఖు నుంచి మళ్లీ అక్కడికే బదిలీ అట, కొత్తవాళ్లకి పని నేర్పడానికి.

మంచిదే. ఎవరి ఉద్యోగం వాళ్లది.

నిమ్మకాయలు అత్తయ్య ఇంటికి తెచ్చేసింది. వాడేసినవి తినకూడదంటే వినదు.

ఒకటో తారీఖుకి ఇంకా పంతొమ్మిది రోజులుంది.

14, శనివారం

క్లాసవగానే పాత బ్యాటరీల కొట్టుకి ఒక్కదాన్నే వెళ్లాను. క్లాసు కోసం కొనుక్కున్న మీటరు చేతిలో ఉంది. "ఎవరికమ్మా?" అన్నాడు కొట్టాయన. "నాకే" అన్నాను. ముందు మంచిదని తెలిసిన దాని మీద మీటరు పెట్టి చూశాను, మీటరు సరిగ్గా ఉందో లేదో తేలాలి కదా. తర్వాత వరసగా ఏడు బ్యాటరీలు కొలిచాను. పదకొండు. పదకొండున్నర. పది. ఆరోది పన్నెండు పాయింట్ ఆరు. నిండుగా ఉన్న బ్యాటరీకి ఉండాల్సింది అంతే, పాఠంలో రాసుకున్నాను. కొట్టాయన నోరు తెరిచాడు.

ఆ బ్యాటరీకి ఒక సెకండ్‌హ్యాండ్ ఇన్వర్టరు కలిపి ఇంట్లో పెట్టాను. చిన్న బల్బు పెట్టి చూస్తే దివ్యంగా వెలిగింది. బ్యాటరీ నెత్తిన సుద్దతో "మంచిది, 12.6" అని రాశాను. కాసేపు దాని ముందే కూర్చున్నాను.

ఇక కరెంటు పోతే పోనీ. అత్తయ్య ఊపిరి నా చేతుల్లో ఉంది.

17, మంగళవారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

క్లాసయింది. అత్తయ్య బేకరీ ఆవిడ చెయ్యి పట్టుకుని ముందు దిగిపోయింది. ఆవిడ ఎప్పుడూ నా చెయ్యే పట్టుకుంటుంది, ఇవాళే ఎందుకో. నేను గొడుగు కోసం వెనక్కి వెళ్లి వస్తుంటే మెట్ల మలుపులో మాస్టారు ఆగి ఉన్నారు.

"టైలరుగారూ, నేను తిప్పి తిప్పి మాట్లాడలేను. ఒకటో తారీఖున వెళుతున్నాను. మీరూ వస్తే బాగుంటుందనిపిస్తోంది. పెళ్లి చేసుకునే వెళదాం. నా ఇంట్లో ఎదురుచెప్పడానికి ఎవరూ లేరు, నాకింతవరకూ పెళ్లి కాలేదు. ఆఖరి క్లాసు లోపల చెప్పండి, చాలు. ఇంకో విషయం..."

"అత్తయ్య ఉన్నారండీ" అని చెప్పి పరిగెత్తాను. నలభై తొమ్మిదేళ్లదాన్ని, మెట్లు రెండేసి దూకుతూ దిగాను. గొడుగు మళ్లీ అక్కడే మర్చిపోయాను.

అత్తయ్య ఉన్నారన్నది సాకు కాదు. ఆస్పత్రి మంచం మీద మా ఆయన ఒకటే అడిగాడు, అమ్మని చూసుకో అని. ఆవిడకి ఒక కూతురుంది, నా ఆడపడుచు, రెండూళ్ల అవతల. తల్లీకూతుళ్లు రెండు రోజులు కలిసుంటే మూడో రోజు ఎవరో ఒకరు నాకు ఫోను చేసి ఏడుస్తారు. అక్కడికి పంపలేను. ఒంటరిగా వదల్లేను. పోనీ వెంట తీసుకెళ్దామా? రెండో పెళ్లికి మొదటి అత్తగారిని వెంటబెట్టుకెళ్లిన కోడలు ఎక్కడైనా ఉందా? ఏ మగాడు ఒప్పుకుంటాడు? అడగడానికైనా నాకు నోరుండాలి కదా.

ఎంత బాగుందో ఆయన అన్నప్పుడు.

ఈ పైన రాసింది కొట్టెయ్యాలి.

18, బుధవారం

నాకేం తక్కువ. బాగానే ఉన్నాను. అత్తయ్య బాగానే ఉంది. బ్యాటరీ బాగానే ఉంది. పొద్దున మళ్లీ కొలిచాను, పన్నెండు పాయింట్ ఆరు.

19, గురువారం

తలనొప్పి. క్లాసుకి వెళ్లలేదు.

"నొప్పి తలకి కాదులే" అని అత్తయ్య ఏప్రన్ కట్టుకుని బేకరీ ఆవిడ వ్యానెక్కి వెళ్లిపోయింది. మధ్యాహ్నం వచ్చింది. ఇవాళ ఏం చెప్పారని అడిగాను.

"ఏదో లోడు అన్నాడు. నీకెందుకు, నీకు తలనొప్పి కదా."

"ఇంకేమన్నారు?"

"నీ గొడుగు ఆయన దగ్గరే ఉందట. అది ఇవ్వరా నాయనా అంటే, ఆవిడ వస్తే ఇస్తానన్నాడు."

నవ్వొచ్చింది. తలనొప్పి ఉన్నవాళ్లు నవ్వకూడదని గదిలోకి వెళ్లి నవ్వాను.

20, శుక్రవారం

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

సాయంత్రం నాలుగింటికి అత్తయ్యకి ఆయాసం వచ్చింది. మిషన్ పెట్టాను. పెట్టిన రెండు నిమిషాలకి కరెంటు పోయింది. నేను కంగారుపడలేదు. నవ్వుతూ లేచి ఇన్వర్టరు స్విచ్చి వేశాను. మిషన్ ఒక్కసారి గుర్రుమంది, ఇన్వర్టరు కీచుమని అరిచింది, ఆగిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ అంతే. మీటరు పెట్టి చూస్తే పన్నెండున్నర. నిండుగా ఉన్న బ్యాటరీ పని చెయ్యదేం? అత్తయ్య పెదాలు నల్లబడుతున్నాయి. వెక్కిరించడం కూడా మానేసింది.

కేక వేస్తే ఎదురింటి బేకరీ ఆవిడ వచ్చింది. మాస్టారికి ఫోను చేసింది ఆవిడే. సబ్‌స్టేషన్ నుంచి ఆయన ఎలా వచ్చారో, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. లోపలికి కూడా రాకుండా బయట ఆగున్న రొట్టెల వ్యాను బానెట్ ఎత్తి దాని బ్యాటరీ విప్పడం మొదలుపెట్టారు. అప్పుడు కూడా ఎడమ చెయ్యి జేబులోనే ఉంది. ఇరవై రెండేళ్ల అలవాటు. ఒంటిచేత్తో నట్టు తిరగడం లేదు. నేను రెండో పక్క పట్టుకున్నాను. నా ఎడమ చెయ్యి కూడా ఏప్రన్ జేబులోనే ఉందని తర్వాత చూసుకున్నాను. ఆయన కుడిచెయ్యి, నా కుడిచెయ్యి కలిపి ఆ బ్యాటరీ విప్పి, మోసి, ఇన్వర్టరుకి తగిలించాం. ఊపిరి మిషన్ పాడింది. నిజంగా పాటలాగే వినపడింది నాకు.

పావుగంటకి అత్తయ్య పెదాలకి రంగొచ్చింది. అప్పుడు మాస్టారు నా బ్యాటరీ కొలిచారు. ఊరికే ఉన్నప్పుడు పన్నెండున్నర. దాని మీద మిషన్ నడపగానే ఎనిమిదికి పడిపోయింది.

"ఖాళీగా కూర్చున్నప్పుడు ముసలి బ్యాటరీ కూడా నిండుగానే చూపిస్తుందండీ. లోడు పెట్టి, అంటే పని చేయిస్తూ కొలవాలి. మొన్న గురువారం క్లాసులో అదే..." అని ఆగిపోయారు. ఆ గురువారం నేనెందుకు రాలేదో ఆయనకి తెలుసు.

అత్తయ్య ముక్కు మీది గొట్టం తీసింది. గొంతు పెగిలాక మొదటి మాట, "వాపు చూసి బలుపనుకున్నావే."

నేను ఏడ్చాను. ఇద్దరి ముందూ ఏడ్చాను.

22, ఆదివారం

బ్యాటరీ మీద "మంచిది" అన్న అక్షరాలు తడిగుడ్డతో తుడిచాను. నా చేతిరాతే అది. తొడిగి చూడకుండా ఒక్క రవికె కూడా ఇంతవరకూ ఇవ్వలేదు నేను. కొలతలు సరిపోయాయి కదమ్మా అని ఎవరన్నా అంటే, కొలత వేరు, తొడుక్కుని చెయ్యెత్తితే తెలిసేది వేరు అని పాఠం చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, అత్తయ్య ప్రాణం విషయంలో అంకె చూసి మురిసిపోయాను.

పద్దెనిమిదో తారీఖున రాసింది మళ్లీ చదివాను. బాగానే ఉంది, బాగానే ఉన్నాను అని మూడుసార్లు రాసి ఉంది.

24, మంగళవారం

క్లాసుకి వెళ్లాను. మాస్టారు గొడుగు ఇచ్చారు. మడతలు చక్కగా పెట్టి, ఊడిపోతున్న పుల్లకి సన్నటి తీగ చుట్టి ఇచ్చారు. పెళ్లి మాట ఎత్తలేదు. పాఠం చెబుతున్నంతసేపూ నా వైపు తప్ప అందరి వైపూ చూశారు.

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు ఫోను.

"ఏంటి వదినా, ఈ వయసులో పెళ్లట?"

"ఎవరు చెప్పారు?"

"అమ్మే. అంత సంతోషంగా ఉన్నప్పటి గొంతు నా పెళ్లిలో కూడా వినలేదు. అన్నయ్య పోయాక నువ్వు ఒక్కత్తివే మోశావు, నేను కాదనను. కానీ అమ్మనేం చేస్తావు? నా దగ్గరకి పంపిస్తే..."



ఫోను పెట్టాక అత్తయ్య అంది, "దాని దగ్గర నేను రెండ్రోజులుంటే ఊపిరి మిషన్ నాకు కాదు, దానికి కావాలి."

"మీకెలా తెలుసు అత్తయ్యా ఆయన అడిగినట్టు?"

"ఆరోజు ముందు దిగి మెట్ల కింద నిలబడింది ఎందుకనుకున్నావు?"

26, గురువారం

ఇంకా ఒక్క క్లాసు. నేను ఏమీ చెప్పలేదు. ఆయన మంచి మనిషి, కాదంటే మొహం చిన్నబుచ్చుకోకుండా సరేనంటారు. కాదనే చెప్పాలి. రెండుసార్లు అద్దంలో చెప్పి చూశాను. రెండుసార్లూ అవునన్నట్టే వినపడింది.

27, శుక్రవారం

రేపు కాదని చెబుతాను. అత్తయ్య కోసమే.

28, శనివారం

ఉండు, వరసగా రాయాలి, లేకపోతే నేనే నమ్మను.

ఆఖరి క్లాసు. పరీక్ష కూడా ఇవాళే. ఒక్కొక్కరినీ పిలిచి ఒక ప్రశ్న అడిగి సర్టిఫికెట్ ఇస్తున్నారు. బేకరీ ఆవిడ పాసయింది. నేను పాసయ్యాను, ఏం అడిగారో ఏం చెప్పానో గుర్తులేదు. ఆఖర్న అత్తయ్య. ఏప్రన్ కట్టుకుని, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, దొరసానిలా నడిచి వెళ్లింది.

"బ్యాటరీ మంచిదో కాదో ఎలా చెబుతారమ్మా?"

"లోడు పెట్టి. నా మీదే పెట్టి చూశారుగా."

క్లాసంతా గొల్లుమంది. ఆయన సర్టిఫికెట్ ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు.

"నువ్వు అడగడం అయింది. ఇప్పుడు నేనడుగుతా. కరెంటు పుట్టే చోట కరెంటు పోతుందా?"

"పోతుందండీ. కానీ తక్కువ. నెలకో గంట, రెండు గంటలు."

"నీకిచ్చే క్వార్టర్సులో గదులెన్ని?"

"మూడండీ."

"మెట్లెక్కాలా?"

"అక్కర్లేదండీ. కింది ఇల్లే కావాలని పదిహేడో తారీఖు పొద్దున్నే అర్జీ పెట్టాను. మీకు మెట్లెక్కడం కష్టం కదా. ఎండ వచ్చే గది మీకు."

పదిహేడు. పొద్దున్నే. అంటే నన్ను అడగకముందే. ఆ మెట్ల మీద, ఇంకో విషయం అని ఆయన అంటుండగా నేను పరిగెత్తానే, ఆ విషయం ఇదన్నమాట. పదకొండు రోజులు. పదకొండు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను నేను.

కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు. "ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదండీ" అన్నాను.

"మీరు ఆగితే కదండీ" అన్నారు.

"మరి తర్వాతైనా..."

"ఆఖరి క్లాసు దాకా సమయం ఇచ్చాను కదా. మధ్యలో మళ్లీ అడిగితే నెట్టినట్టుంటుంది."

అత్తయ్య నా వైపు తిరిగింది. "నెట్టేది ఒకటి లేకపోతే ఏదీ కదలదని నిమ్మకాయలప్పుడే చెప్పాడు. విన్నావో లేదో."

"వస్తాం" అన్నాను. ఇద్దరం అన్నట్టు. బేకరీ ఆవిడ ఏడుపూ నవ్వూ కలిపి ఏదో చప్పుడు చేసింది. మాస్టారు ముఖం ఆ డ్యాము గురించి చెప్పినప్పటిలా అయిపోయింది. అప్పుడు కూడా ఎడమ చెయ్యి జేబులోంచి రాలేదు.

పెళ్లికి వేసుకోవడానికి మంచి ప్యాంటు లేదట. కుడతానన్నాను. నోరు ఊరుకోదు కదా.

29, ఆదివారం

నడుము ముప్పై నాలుగు. పొడవు నలభై. ఈ కొలతలు ముందు పేజీల్లో రాయలేదు, ఇక్కడే రాసుకున్నాను. టేపు పెట్టి రెండుసార్లు కొలిచాను. మూడోసారి అనవసరమే, అయినా కొలిచాను.

పొద్దుటి నుంచి కుడుతున్నాను. వోల్టేజి లేదు, మోటారు మూలుగుతోంది. కాలితో తొక్కుతున్నాను, దేవుడా, ఎంత తేలిగ్గా తిరుగుతోందో చక్రం.

30, సోమవారం

పదిన్నరకి రిజిస్ట్రారు ఆఫీసు. బేకరీ వ్యానులోనే వెళ్లాం, నలుగురికీ రొట్టె వాసన. ఆడపడుచు కూడా వచ్చింది. వస్తుందనుకోలేదు. నా మెడ పట్టుకుని, "వదినా అనే పిలుస్తాను, ఏం?" అంది. ఇంకేమని పిలుస్తుంది.

సాక్షి సంతకం అత్తయ్య పెట్టింది. రిజిస్ట్రారు కళ్లజోడు సర్దుకుని, "మీరేమవుతారమ్మా?" అని అడిగాడు.

"అత్తగారిని."

"అంటే, వరుడి తల్లిగారా?"

"కాదు, పెళ్లికూతురికి అత్తగారిని."

ఆయన కలం కింద పెట్టి మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. "రాసుకో నాయనా, అందులో తప్పేముంది?" అంది అత్తయ్య. రాసుకున్నాడు.

సంతకాలు పెడుతున్నంతసేపూ మాస్టారు అదో రకంగా ఉన్నారు. ఎడమ చెయ్యి ప్యాంటు పక్కన పైకీ కిందకీ జారుతోంది. వెతుకుతోంది, దొరకడం లేదు. వెనక్కి పెట్టుకున్నారు, ముందుకి తెచ్చారు, గుండీ సవరించుకున్నారు. పాపం, ఇరవై రెండేళ్ల తర్వాత ఆ చేతికి చోటు లేకుండా పోయింది.

బయటికొచ్చాక మెట్ల దగ్గర మెల్లిగా, ఎవరికీ వినపడకుండా, "టైలరుగారూ, ఎడమ జేబు పెట్టడం మర్చిపోయినట్టున్నారు" అన్నారు.

"మర్చిపోలేదు" అన్నాను. అని, ఆ చెయ్యి పట్టుకున్నాను.